పగడం ఆకారం పగడం చేతిలో లేదు

నల్గొండలో కూర్చుని జువాలజీ చెప్పుకునే మనిషికి పగడపు దిబ్బలతో ఏం పని అని చాలామంది అడుగుతుంటారు. మనకు దగ్గరున్న సముద్రం అంటే బాపట్ల, మచిలీపట్నం వైపే. అక్కడికి పోయినా పగడపు దిబ్బ కనపడదు. ఆంధ్ర తీరం ఆ చివర నుంచి ఈ చివర దాకా చెప్పుకోదగ్గ దిబ్బ ఒక్కటీ లేదు. అసలు ఎందుకు లేదన్న ప్రశ్నే నన్ను ఇందులోకి లాగింది. జవాబు వెతుక్కుంటూ పోతే దారి తిరిగి తిరిగి మన పక్కనుంచి పారే కృష్ణ దగ్గరికే వచ్చింది.

నా మాట ముందే చెప్పేస్తాను. పగడం ఏ ఆకారంలో పెరగాలి, ఎంత పెరగాలి, అసలు బతకాలా వద్దా అన్నది చాలావరకు తేల్చేది అది ఉన్న చోటు. అక్కడి వెలుతురు, అలల దెబ్బ, బురద, ఉప్పు, వేడి. పగడాల్ని కాపాడే పనిలో మాత్రం ఈమధ్య ఉత్సాహమంతా వేరే వైపు పోతోంది. తట్టుకునే రకాన్ని వెతకడం, ముక్కలు చేసి పెంచడం, తెచ్చి నాటడం. నీళ్ళ సంగతి తర్వాత చూద్దాం అన్నట్టుంది. ఈ వరుస తిరగబడాలి అంటాను. నల్గొండ వాళ్ళకు ఈ విషయం అందరికన్నా ముందు అర్థం కావాలి. ఎందుకో కింద చెప్తాను.

మా ల్యాబ్ బీరువాలో పాతకాలపు నమూనాలు కొన్ని ఉన్నాయి. ఫంజియా, మియాండ్రినా, మాడ్రిపోరా అని మసకబారిన చీటీలు. ఇప్పుడైతే ఇలా తెచ్చి పెట్టుకోవడం కుదరదు. 2001లో రాతి పగడాలన్నింటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు, అంటే పులితో సమానంగా రక్షణ. మాడ్రిపోరా అని రాసి ఉన్నదాన్ని ఇప్పుడు అక్రోపోరా అంటున్నారు. జానెడు తెల్లటి కొమ్మ. ఇంటర్ పిల్లల చేతికిచ్చి లెన్స్‌తో చూడమంటాను. కొమ్మ చుట్టూ బుడిపెల్లాంటి చిన్న చిన్న గిన్నెలు, ఒక్కోటి మిల్లీమీటరు అటూ ఇటూ. గిన్నె అంచు నుంచి మధ్యకు సన్నటి గోడలు దిగుతాయి. ముందు ఆరు పెద్దవి, వాటి సందుల్లో మళ్ళీ చిన్నవి. కొమ్మ కొసన మాత్రం ఒకే ఒక్క గిన్నె, మిగతావాటికన్నా పెద్దది. అందులో ఉండే పాలిప్, అంటే గిన్నెలో కాపురముండే చిన్న జంతువు, పైకి పెరుగుతూ పోతుంటే దాని పక్కల నుంచి మిగతావి మొగ్గ తొడుగుతాయి. కొమ్మ పొడవును నడిపించేది కొసనున్న ఆ ఒక్కటే.

"సార్, గిది రాయి గదా, జంతువంటరేంది?" అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. చేతిలో ఉన్నది అస్థిపంజరం, కాల్షియం కార్బొనేట్. బతికున్నప్పుడు దాని మీద పలచటి పొరగా కండ ఉంటుంది. ప్రతి గిన్నెలో ఒక పాలిప్, నోటి చుట్టూ స్పర్శకాలు. గిన్నెకూ గిన్నెకూ మధ్య కూడా ఆ కండ పొర సాగి ఉంటుంది కాబట్టి ఒక పాలిప్ తిన్నది పక్క పాలిప్‌కూ అందుతుంది. ఇలా కలిసి పెరిగిన గుంపునే కాలనీ అంటారు. ఒక కాలనీలో ఉన్నవన్నీ ఒకే పిండం నుంచి వచ్చిన నకళ్ళు. ఏ పాలిప్ ఏ పక్కకు మొగ్గ తొడిగింది, ఎక్కడ సున్నం ఎక్కువ పేర్చింది అన్నదాన్ని బట్టి కాలనీ ఆకారం వస్తుంది. ఎటు తొడగాలి, ఎంత పేర్చాలి అన్నది పాలిప్ ఒక్కటే తేల్చుకోలేదు.

ఇక్కడే వెలుతురు వస్తుంది. దిబ్బలు కట్టే పగడాల కండలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు కాపురముంటాయి. పగలు అవి తయారుచేసే చక్కెరల్లో సింహభాగం పగడానికే పోతుంది. సున్నం వేగంగా పేర్చే శక్తి అక్కడి నుంచే వస్తుంది. కాబట్టి జంతువే అయినా ఎండ లేనిదే దీనికి గడవదు. టర్బినేరియా మెసెంటెరినా అని ఒక పగడం ఉంది. లోతు తక్కువ నీళ్ళలో, ఎండ దండిగా ఉన్నచోట, అది మడతలు మడతలుగా నిలువుగా లేస్తుంది. లోతుకు పోయేకొద్దీ మడతలు విప్పుకుని పళ్ళెంలా పరుచుకుంటుంది, దొరికే కాస్త వెలుతురును వీలైనంత విశాలంగా పట్టుకోవడానికి. ఒకే కాలనీని ముక్కలు చేసి వేర్వేరు లోతుల్లో పెట్టి చూశారు. ఆ ముక్కలు కొత్త చోటుకు తగ్గట్టు ఆకారం మార్చుకున్నాయి.

అలలదీ అదే కథ. పొసిల్లోపోరా డామికోర్నిస్ నిలకడ నీళ్ళలో సన్నటి, ఎడంగా ఉండే రెమ్మలు వేస్తుంది. అల బలంగా కొట్టేచోట అవే రెమ్మలు పొట్టిగా, లావుగా, దగ్గరదగ్గరగా వస్తాయి. ఎడంగా ఉంటే విరిగిపోతాయి, నిలకడ నీళ్ళలో మరీ దగ్గరగా ఉంటే రెమ్మల మధ్యకు కొత్త నీళ్ళు రావు. దీనివల్ల వర్గీకరణ చేసేవాళ్ళు చాలా అవస్థ పడ్డారు. ఆకారం చూసి వేర్వేరు జాతులనుకున్నవి జన్యు పరీక్షలో ఒకటేనని తేలాయి, ఒకటే అనుకున్నవాటిలో రెండు మూడు జాతులు బయటపడ్డాయి. మనం పరీక్షల్లో పిల్లల చేత ఆకారాన్ని బట్టి పేరు రాయిస్తాం కదా, పగడాల దగ్గర ఆ పద్ధతి ఎంత బలహీనమో చెప్పకుండా రాయించడం నాకు ఇష్టం ఉండదు.

మన దేశపు తీరం వెంట ఒకసారి చూడండి. గుజరాత్‌లో కచ్ సింధుశాఖ. అక్కడ ఆటుపోట్ల తేడా చాలా పెద్దది, ఆటు వచ్చినప్పుడు జామ్‌నగర్ వైపు దిబ్బలు గంటల తరబడి బయటపడి ఎండలో ఉంటాయి. నీళ్ళలో బురద ఎక్కువ, చలికాలంలో చల్లదనమూ ఎక్కువే. అక్కడ నెగ్గుకొచ్చేవి ఎక్కువగా బండల్లా గుండ్రంగా పెరిగేవి, రాయికి అంటుకుని పరుచుకునేవి. మా బీరువాలో ఉన్న అక్రోపోరా లాంటి కొమ్మ పగడాలు అక్కడ దాదాపు కనపడవు. అదే అరేబియా సముద్రంలో లక్షద్వీప్‌కు పోతే నది అన్నదే లేదు, నీళ్ళు అద్దంలా ఉంటాయి, కొమ్మలు, పళ్ళేలు, బండలు అన్నీ దొరుకుతాయి. తమిళనాడులో రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా మన్నార్ సింధుశాఖలో 21 దీవుల చుట్టూ దిబ్బలున్నాయి. అక్కడ పెద్ద నది ముఖద్వారం దగ్గర్లో లేకపోవడం, అల మరీ ఉధృతంగా లేకపోవడం కలిసొచ్చాయి. అక్కడి నుంచి పైకి, మన ఆంధ్ర తీరం, ఒడిశా, బెంగాల్ అంతటా ఖాళీ. విశాఖ వైపు రాతి తీరంలో డైవర్లకు అక్కడక్కడ పగడపు జీవులు కనిపించాయి, అది నిజమే. కానీ రాయి మీద నాలుగు కాలనీలు బతకడం వేరు, తరతరాలు సున్నం పేరుకుని దిబ్బ లేవడం వేరు.

ఆ ఖాళీకి కారణం నదులు. దిబ్బ కట్టే పగడాలకు మామూలుగా వెయ్యికి 32 నుంచి 40 పాళ్ళ దాకా ఉప్పు ఉన్న నీళ్ళు కావాలి. బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ వానాకాలం నీళ్ళు కుమ్మరిస్తాయి. నదీముఖాల దగ్గర పై నీళ్ళ ఉప్పదనం బాగా పడిపోతుంది. పైగా పగడపు పిల్ల ఈదుకుంటూ వచ్చి అతుక్కోవడానికి గట్టి రాయి కావాలి. డెల్టా తీరంలో ఉండేది మెత్తటి బురద, ఇసుక. ఆపైన నీళ్ళలో తేలే మన్ను వెలుతురును కిందికి దిగనివ్వదు. మూడూ ఒకేచోట కలిశాయి.

ఈ మన్ను సంగతి మనవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. తొలకరికి దున్ని పెట్టిన చెలక మీద గట్టి వాన పడితే దేవరకొండ వైపు వాగుల్లో నీళ్ళు ఎట్లా వస్తాయో చూసినవాళ్ళే అందరూ. అలాంటి నీళ్ళు ఒక సీసాలో పట్టి కదలకుండా పెట్టండి. ఇసుక అప్పటికప్పుడే అడుక్కి పోతుంది. ఒండ్రు కాసేపట్లో దిగుతుంది. పైన మాత్రం ఎర్రటి మసక అట్లాగే నిలబడి ఉంటుంది, తెల్లారి చూసినా నీళ్ళు తేరుకోవు. ఇప్పుడు అందులో రెండు చెంచాల ఉప్పు వేసి ఒకసారి కలిపి పెట్టండి. మసకలోని సన్న రేణువులు ఒకదానికొకటి అతుక్కుని మెల్లగా పొరలుగా కిందికి దిగడం మొదలవుతుంది. క్లాసులో ఇది చేసి చూపిస్తే పిల్లలు బెల్లు కొట్టినా లేవరు. నది సముద్రంలో కలిసేచోట జరిగేది ఇదే. ఉప్పు తగలగానే ఆ సన్న మన్ను ముద్దలు కట్టి అడుక్కి చేరుతుంది. అడుగున పాలిప్‌లు ఉంటే వాటి మీదే చేరుతుంది. పగడం జిగురు వదిలి, ఒంటి మీది సన్నటి నూగుతో ఆ మన్నును పక్కకు నెట్టేసుకుంటుంది. దానికి బోలెడు శక్తి ఖర్చు. ఒకవైపు వెలుతురు తగ్గి రాబడి పడిపోయి, ఇంకోవైపు ఈ ఊడ్పు పనికి ఖర్చు పెరిగితే సున్నం పేర్చడానికి, గుడ్లు పెట్టడానికి మిగిలేది ఏముంటుంది?

ఇక్కడ ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. ఆల్మట్టి, జూరాల, శ్రీశైలం, సాగర్ కట్టాక కృష్ణ సముద్రానికి మోసుకుపోయే ఒండ్రు చాలా తగ్గిపోయింది. ఆ మన్నంతా రిజర్వాయర్లలోనే కూర్చుంటోంది. అంతమాత్రాన అక్కడ పగడాలు వచ్చేయలేదు, రావు కూడా. అడుగు ఇంకా బురదే, బంగాళాఖాతం ఇంకా తీపి నీళ్ళు కలిసే సముద్రమే. మన పొలాల మట్టి ఇవాళ ఏదో దిబ్బను చంపుతోందని నేను అనడం లేదు. తీరంలో ఏ జంతువు ఉండగలదు అన్నది ఒడ్డుకు ఎంతో దూరాన, కొండల్లో చెలకల్లో కూడా తేలుతుందని అంటున్నాను.

నల్గొండ సంగతి ఇప్పుడు చెప్తాను. మర్రిగూడ, చండూరు, మునుగోడు, నారాయణపురం వైపు ఊళ్ళలో బోరు నీళ్ళు తాగి కాళ్ళు వంకర్లు పోయినవాళ్ళను, నడుం వంగి మళ్ళీ లేవనివాళ్ళను చూస్తూ పెరిగిన తరం మాది. గ్రానైట్ రాళ్ళలోంచి ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగింది, నీళ్ళలోంచి ఎముకలోకి ఎక్కింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మన దగ్గర చాలా బావుల్లో అంతకు ఎన్నో రెట్లుండేది. ఎముకలోని ఖనిజంలో ఒక భాగాన్ని తోసేసి ఆ చోట్లో ఫ్లోరైడ్ కూర్చుంటుంది. పగడంలోనూ ఇలాంటిదే జరుగుతుంది. సున్నం పేరుస్తున్నప్పుడు నీళ్ళలో బేరియం ఎక్కువుంటే కాల్షియం చోట్లో కొంత బేరియం కూర్చుంటుంది. ఈ బేరియం నది మన్నుకు అంటుకుని వస్తుంది, ఉప్పు నీళ్ళు తగిలాక విడిపోతుంది. అంటే ఏ ఏడు ఎంత మన్ను వచ్చిందో పగడం తన ఒంట్లోనే రాసిపెట్టుకుంటుంది.

ఆ రాతను చదివినవాళ్ళున్నారు. పోరైటిస్ అనే బండ పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కోసి ఎక్స్‌రే తీస్తే ఏడాదికో చిక్కటి పట్టీ, ఒక పలచటి పట్టీ కనిపిస్తాయి. ఇవి ఏటేటా పడే పట్టీలేనని 1972లో పసిఫిక్‌లోని ఎనివెటాక్ దీవి పగడాలతో రుజువు చేశారు. అక్కడ అణుబాంబు పరీక్షలు జరిగిన ఏళ్ళ రేడియోధార్మికత ఆయా పట్టీల్లో చిక్కుకుని దొరికింది. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ లోపలి వరుసలో, బర్డెకిన్ నది వరద చేరేచోట, ఇలాంటి బండ పగడాల్లోకి డ్రిల్లు దింపి పొడవాటి కడ్డీల్లాంటి ముక్కలు (కోర్లు) తీశారు. మాల్కమ్ మెక్‌కలక్, ఆయన సహచరులు 2003లో ఆ లెక్కలు ప్రచురించారు. 1870 ప్రాంతం నుంచి నది తెచ్చే మన్ను ఐదు నుంచి పది రెట్లు పెరిగినట్టు తేలింది. అప్పుడు ఏం జరిగింది? తీరానికి దూరంగా, లోపలి మెట్ట ప్రాంతంలో యూరప్ నుంచి వచ్చినవాళ్ళు పశువుల మందలు దింపారు. గడ్డి పోయింది, నేల బోసిపోయింది, వాగుల ఒడ్లు కోసుకుపోయాయి. ఆ మెట్ట భూమిని ఊహించుకోవాలంటే మనకు కష్టం కాదు. దాదాపు మన చెలకలే, మన వానలే. కొన్ని నెలలు చుక్క పడదు, పడితే ఒక్కసారిగా పడుతుంది.

నల్గొండలో వంకర కాలున్న పిల్లను చూసి ఇంకా గట్టి ఎముకలున్న పిల్లల్ని కనండి అని ఎవరూ అనలేదు. అంటే ఊరుకునేవాళ్ళమా? నీళ్ళు మార్చమన్నాం. ఏళ్ళకు ఏళ్ళు ధర్నాలు చేసింది నీళ్ళ కోసమే. కృష్ణా నీళ్ళు పైపుల్లో ఊళ్ళకు చేరాకే కొత్త కేసులు తగ్గాయి. పగడాల దగ్గరికి వచ్చేసరికి ఇంత మామూలు తెలివిని ఎందుకు పక్కన పెడుతున్నామో నాకు అర్థం కాదు. నర్సరీలు పెట్టి కొమ్మ ముక్కలు పెంచి సిమెంటు దిమ్మెల మీద నాటే పనులు ప్రపంచమంతా జరుగుతున్నాయి. చేసేవాళ్ళ నిజాయితీని, కష్టాన్ని నేను శంకించను. కానీ ఫ్లోరిడాలో 2023 జులైలో ఏమైందో గుర్తు చేసుకోవాలి. ఏళ్ళ తరబడి పెంచి నాటిన కొమ్మ పగడాలు ఆ వేడికి కొన్ని చోట్ల మొత్తానికి మొత్తం పోయాయి. మిగిలినవాటిని హడావుడిగా తీసి ఒడ్డు మీది ట్యాంకుల్లో పెట్టాల్సి వచ్చింది. నాటడంలో లోపం లేదు. నాటిన నీళ్ళు అవి బతకగలిగే నీళ్ళు కాకుండా పోయాయి.

దీనికి ఎదురువాదన ఉంది, బలమైనదే. పగడాలు చోటుకు తగ్గట్టు మారగలవు కదా, ఆకారం మార్చుకున్నట్టే వేడికీ అలవాటు పడతాయి కదా అంటారు. అమెరికన్ సమోవాలో ఓఫు దీవి దగ్గర ఆటు వేళ వేడెక్కే కుంటలున్నాయి. చల్లటి కుంటలోని పగడాల్ని తెచ్చి వేడి కుంటలో పెడితే రెండేళ్ళలోపే వాటి తట్టుకునే శక్తి బాగా పెరిగిందని 2014లో స్టీఫెన్ పలుంబి బృందం చూపించింది. నాకు ఎంతో ఇష్టమైన పరిశోధన అది. కానీ దాంట్లోనే రెండో సగం ఉంది. అలా మారినవి కూడా అక్కడే పుట్టి పెరిగిన వాటి స్థాయికి పూర్తిగా చేరలేదు. అలవాటుకు ఒక హద్దుంది. పర్షియన్ సింధుశాఖ పగడాలు ఎండాకాలం 34, 35 డిగ్రీల నీళ్ళలో బతుకుతున్నాయంటే, తరాలకు తరాలు ఆ వేడిలో నలిగి మిగిలినవి అవి. మనం ఇస్తున్న గడువు తరాలు కాదు.

రెండో ఎదురువాదన ఇంకా గట్టిది, నా వాదానికే నేరుగా తగిలేది. వేడి అన్నిచోట్లా వస్తున్నప్పుడు వాగుల ఒడ్లు కట్టి, మన్ను ఆపి లాభమేంటి? మామూలు ఎండాకాలపు గరిష్ఠం కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ వేడి కొన్ని వారాలు నిలిస్తే చాలు, శైవలాలు కండలోంచి బయటికి పోతాయి, పారదర్శకమైన కండ కింద తెల్లటి అస్థిపంజరం బయటపడుతుంది. అదే బ్లీచింగ్. 1998, 2010, 2014 నుంచి 2017, మళ్ళీ 2023 నుంచి, ప్రపంచమంతటా వచ్చినవి నాలుగు. 2016లో గ్రేట్ బారియర్ రీఫ్‌లో అందరికన్నా ఎక్కువ దెబ్బ తిన్నది ఉత్తర భాగం, అంటే మనుషులకు దూరంగా, నీళ్ళు శుభ్రంగా ఉన్న భాగం. నీళ్ళ నాణ్యత బాగున్నా, చేపల వేట మీద ఆంక్షలున్నా బ్లీచింగ్ తీవ్రతలో దాదాపు తేడా లేదని టెర్రీ హ్యూస్ బృందం 2017లో రాసింది. భూమి సగటు వేడి ఒకటిన్నర డిగ్రీలు పెరిగితే 70 నుంచి 90 శాతం పగడపు దిబ్బలు పోతాయని, రెండు డిగ్రీలైతే 99 శాతానికి పైగా పోతాయని వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన నిపుణుల సంఘం ఐపీసీసీ 2018 నివేదికలో చెప్పింది. ఇవన్నీ నేను ఒప్పుకుంటాను. బొగ్గు, చమురు తగ్గించకుండా పగడాలు మిగులుతాయని చెప్పేవాళ్ళను నమ్మకండి.

అయితే వేడి కూడా నీళ్ళ గుణమే కదా. అది ఒప్పుకున్నాక చోటు గురించి నా మాట ఇంకా బలపడుతుంది. పైగా చచ్చిన దిబ్బ మళ్ళీ లేవడం అనే దశ ఒకటుంది, అక్కడ స్థానిక నీళ్ళదే పెత్తనం. పగడపు పిల్ల వచ్చి అతుక్కోవాలంటే రాయి శుభ్రంగా ఉండాలి. మన్ను పొర పేరుకున్న రాయి మీద, ఎరువుల నత్రజని తిని పెరిగిన నాచు కప్పేసిన రాయి మీద అది నిలవదు. మన్నార్‌లో ఒకప్పుడు సున్నం కోసం పగడాల్ని తవ్వి తీసేవాళ్ళు. తవ్వకం ఆగినా అల దెబ్బను ఆపే దిబ్బ మళ్ళీ పూర్తిగా రాలేదు. అక్కడే కురుసడై దీవి దగ్గర వ్యాపారం కోసం తెచ్చి పెంచిన కప్పాఫైకస్ అనే నాచు బతికున్న పగడాల మీదికి పాకి కప్పేసింది. ఈ రెండూ మనుషులు చేసినవి, అక్కడికక్కడ ఆపగలిగేవి.

అందుకే ఆస్ట్రేలియా వాళ్ళు ఇప్పుడు చేస్తున్న ఒక పని మీద నాకు గురి. బర్డెకిన్ పరీవాహకంలో పశువుల మేత భూముల్లో గండ్లు పడి లోతుగా కోసుకుపోయిన పాయల్ని పూడ్చి, వాలు సరిచేసి, రాళ్ళతో చిన్న అడ్డుకట్టలు వేసి, గడ్డి పట్టేదాకా పశువుల్ని దూరంగా ఉంచుతున్నారు. సముద్రం కనపడని ఆ భూముల్లో ఖర్చు పెడుతున్నది దిబ్బల పేరు మీదే. మన వాటర్‌షెడ్ పథకాల్లో వేసిన కంటూర్ కట్టలు, రాతి కట్టలు, చెక్‌డ్యాంలు చూసినవాళ్ళకు ఆ ఫోటోల్లో కొత్తగా కనిపించేది ఏమీ ఉండదు. మన గొలుసుకట్టు చెరువులు వందల ఏళ్ళుగా చేసింది ఇదే. ఒక చెరువు అలుగు పోసిన నీళ్ళు కింది చెరువుకు చేరేలోపు మన్ను పై చెరువులోనే దిగిపోతుంది, ఎండాకాలం దాన్ని తవ్వి మళ్ళీ పొలానికి తోలుకుంటారు. మిషన్ కాకతీయలో పూడిక తీసినప్పుడు రైతులు ట్రాక్టర్ల కోసం పోటీ పడింది ఆ మన్ను కోసమే.

ఆ పనికి ఫలితం వెంటనే కనపడదు. బర్డెకిన్ ఇప్పటికే తెచ్చి పోసిన సన్న మన్ను లోతు తక్కువ అడుగున పడి ఉంది, గట్టి గాలి వీచిన ప్రతిసారీ లేచి మళ్ళీ నీళ్ళను మసక చేస్తుంది. పైన గండ్లన్నీ పూడ్చినా కింద ఆ మసక పలచబడటానికి ఏళ్ళు పడుతుంది. ఎంత పలచబడిందో చెప్పడానికి మళ్ళీ పోరైటిస్ బండకే డ్రిల్లు పెట్టాలి, కొత్త పట్టీల్లో బేరియం కొలవాలి.